అలసిన మిత్రునికి మనం ఏమివ్వాలి?

ద్వితీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి, వర్ధన్నపేట

ఈ సంచికకు మొక్కల మీద ఏదైనా రాయమని మన సంఘం సాహిత్య కార్యదర్శి అడిగాడు. నేను వృక్షశాస్త్రం చదువుతున్నాను, పైగా వ్యవసాయ కుటుంబంలో పుట్టినవాణ్ణి. కాబట్టి ఆ కోరిక న్యాయమైనదే. కాని నిరుడు హాస్టల్లో నా గదిలోనే ఉన్న ఒక మిత్రుని విషయంలో నేను నేర్చుకున్న పాఠం ఏ ప్రాక్టికల్ రికార్డులోనూ లేదు. దానినే రాస్తున్నాను. మొక్క సంగతి మధ్యలో ఎలాగూ వస్తుంది. మిత్రుని అనుమతి తీసుకొనే రాస్తున్నాను. అతని పేరు చెప్పను, ఊరు చెప్పను. మా ఇద్దరివీ క్రైస్తవ కుటుంబాలు, ఇద్దరి ఇళ్ళూ భూమిని నమ్ముకున్నవే. అంతవరకు తెలిస్తే చాలు.

నేను చేసిన పొరపాటు

అతను చర్చిలో డోలక్ వాయించేవాడు. హాస్టల్లో నవ్వు వినిపించిందంటే అది అతనిదే అనుకునేవాళ్ళం. మొదటి సంవత్సరం పూర్తయ్యేసరికి రెండు పేపర్లు మిగిలిపోయాయి. అదే ఏడు వాళ్ళ మిర్చి తోట దెబ్బతిన్నది, అప్పు పెరిగింది. మొదట అతనికి నిద్ర పోయింది. తెల్లవారుజామున మూడు గంటలకు లేచి మంచం మీద ఊరికే కూర్చుండేవాడు. తరువాత ఆకలి పోయింది. మెస్సుకు రమ్మంటే "నువ్వు పోయి తినిరా" అనేవాడు. ల్యాబుకు రావడం మానేశాడు. ఆదివారం వస్తే డోలక్ గోడకే ఉండేది. ఏమైందిరా అంటే "ఏం లేదు, మనసు పని చేస్తలేదు" అనేవాడు.

నేనేం చేశానో చెప్తే మీకు నవ్వు రావచ్చు, నాకు మాత్రం ఇప్పటికీ సిగ్గే. సంతోషించమనీ, భయపడవద్దనీ, చింతించవద్దనీ చెప్పే బైబిలు వాక్యాలు పన్నెండు ఏరి, రంగు స్కెచ్ పెన్నులతో రాసి, అతని మంచం పక్క గోడకు అంటించాను. పొద్దున లేవగానే ఒకటి చదివి వినిపించేవాణ్ణి. "దేవుడుండంగ నీకేంది భయం?" అనేవాణ్ణి. ప్రార్థన చేయడానికి వచ్చిన ఒక పెద్దమనిషి ఇదంతా విశ్వాసం తక్కువై వచ్చిందనీ, దాచిన పాపం ఏదో ఉంటుందనీ, ఒప్పుకుంటే తేలికవుతుందనీ అన్నాడు. మిత్రుడు తల వంచుకొని విన్నాడు. ఆ రాత్రి నుంచి ప్రార్థన కూడా మానేశాడు. గోడ మీది కాగితాలను నేను లేనప్పుడు ఒక్కొక్కటే తీసి, చింపకుండా, మడిచి నా పుస్తకంలో పెట్టాడు.

ఒక శుక్రవారం సాయంత్రం తన కాలిక్యులేటరు, రికార్డు పుస్తకాలు, ఆఖరికి డోలక్ కూడా తెచ్చి నా మంచం మీద పెట్టి, "ఇవి నువ్వే ఉంచుకో, నాకు అవసరం పడవు" అన్నాడు. నా గుండె జారిపోయింది. ఆ రాత్రి వాక్యం ఒక్కటి కూడా నోటికి రాలేదు. పక్కన కూర్చొని, భయపడుతూనే అడిగాను: "చచ్చిపోవాలనిపిస్తుందారా?" చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఏడ్చాడు. నాలుగు నెలల్లో నా ముందు అతను ఏడవడం అదే మొదటిసారి. తెల్లవారేదాకా అతన్ని వదిలి నేను కదలలేదు. పొద్దున్నే మా అధ్యాపకులొకరికి చెప్పాను. వారు అతని తండ్రికి ఫోను చేశారు. ఆ రోజే వరంగల్‌లో డాక్టరుకు చూపించి, తండ్రి వచ్చి కలిశాక, వారం రోజులు మార్పుగా ఉంటుందని అందరం కలిసి వర్ధన్నపేట దగ్గర మా ఇంటికి పోయాము.

నాయినమ్మ వైద్యం

మా నాయినమ్మకు చదువు రాదు. చర్చిలో బైబిలు చదువుతుంటే వినడమే. వాకిట్లోకి వచ్చిన మావాణ్ణి ఎగాదిగా చూసి, ఏమైందని అడగలేదు, ఎందుకట్లయినవని అడగలేదు. "తిన్నవా బిడ్డా?" అన్నది. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. సగం రొట్టె తిన్నాడు. ఇంకా తినమని బలవంతపెట్టలేదు. వేపచెట్టు కింద మంచం వేసింది. పడుకున్నవాణ్ణి పొద్దుగూకేదాకా ఎవ్వరినీ లేపనియ్యలేదు. లేచాక మళ్ళీ "రొట్టె చెయ్యాల్నా?" అన్నది. రాత్రి అతని తల మీద చెయ్యి పెట్టి, రెండే రెండు మాటల్లో ప్రార్థన ముగించింది. మూడో నాడు అతను తనంతట తానే బావి దాకా నడిచి వచ్చాడు.

అది చూస్తుంటే నాకు రెండు విషయాలు తట్టాయి. ఒకటి మా పత్తి చేను, రెండోది ఏలీయా కథ.

నీళ్ళలో వాడిన పత్తి

2023 జూలై చివరి వారంలో ఉమ్మడి వరంగల్ జిల్లాను ముంచిన వానలు మీకు గుర్తుండే ఉంటాయి. మా చేనులో మూడు రోజులు నీళ్ళు నిలిచాయి. చిత్రమేమంటే, అన్ని నీళ్ళలో ఉన్న పత్తి మొక్కలే ఎండకు వాడినట్టు తలలు వేలాడేశాయి. ఇది ఎట్లా సాధ్యమని నాయినను అడిగాను. "దానికి నీళ్ళు గాదురా, గాలి కావాలె" అని ఆయన పార పట్టుకొని కాలువలు తీయడం మొదలుపెట్టాడు.

కళాశాలకు వచ్చాక దాని శాస్త్రం తెలిసింది. మొక్క వేరు కూడా శ్వాసిస్తుంది. మట్టి రేణువుల మధ్య ఖాళీలలో ఉండే గాలి నుంచి ప్రాణవాయువును తీసుకుంటుంది. ఆ ఖాళీలన్నీ నీటితో నిండితే ప్రాణవాయువు వేరుకు అందదు, ఎందుకంటే గాలిలో కంటే నీటిలో అది సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. ఊపిరాడని వేరుకు శక్తి ఉండదు, చుట్టూ ఉన్న నీటిని పైకి తీసుకోలేదు. కాబట్టి నీటిలో నిలబడే మొక్క దాహంతో వాడిపోతుంది. వాడిందని ఇంకా నీళ్ళు పోస్తే చచ్చిపోతుంది. ముందు కాలువ తీయాలి, వేరుకు గాలి ఆడనివ్వాలి. నీరూ ఎరువూ ఆ తరువాత.

నా మిత్రుడు చిన్నప్పటి నుంచి వాక్యంలో మునిగి పెరిగినవాడే. నేను గోడకు అంటించిన పన్నెండూ అతనికి కంఠతా వచ్చు. లోటు వాక్యం కాదు. తీసుకునే వేరుకు ఊపిరాడడం లేదు. నేను మాత్రం బిందెల కొద్దీ పోస్తూ వచ్చాను.

ఏలీయాకు అందినది

బైబిలు తెలియని మిత్రుల కోసం కథ క్లుప్తంగా చెప్తాను. ఇది రాజులు మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో ఉంది. ఏలీయా ఇశ్రాయేలు దేశపు ప్రవక్త. అంతకు ముందు అధ్యాయంలోనే కర్మెలు కొండ మీద ఒంటరిగా నిలిచి గొప్ప విజయం సాధించినవాడు. అలాంటివాడు యెజెబెలు రాణి చంపిస్తానని కబురు పంపగానే పారిపోయాడు. దాసుణ్ణి బెయేర్షెబాలో విడిచి, ఒక్కడే ఎడారిలోకి ఒక రోజు దూరం పోయి, ఒక చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడిగాడు. మన తెలుగు బైబిలులో అది బదరీ వృక్షం. బదరి అంటే రేగు. హీబ్రూ మూలంలో చెప్పింది మాత్రం చిక్కుడు కుటుంబానికి చెందిన ఒక ఎడారి పొద. దానికి ఆకులు తక్కువ, నీడ పలుచన. అలసిన మనిషికి దొరికింది ఆ మాత్రం నీడే.

ఇక్కడ దేవుడు ఏమి చేశాడో గమనించండి. కోప్పడలేదు. నీ విశ్వాసం ఏమైందని అడగలేదు. కర్మెలు సంగతి గుర్తు చేయలేదు. ఏలీయాను నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపితే, తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డితో నీళ్ళు ఉన్నాయి. తిని, తాగి, మళ్ళీ పడుకున్నాడు. దూత రెండోసారీ వచ్చి తినమనే చెప్పాడు. ముందున్న ప్రయాణం నీ శక్తికి మించినది అన్నాడు. ఆ మాటలో నింద లేదు, ఒప్పుకోలు ఉంది. హోరేబు కొండకు చేరిన తర్వాతనే దేవుడు మాట్లాడాడు. అదైనా గాలిలో కాదు, భూకంపంలో కాదు, మంటలో కాదు, మెల్లని స్వరంలో. ముందు ఒక ప్రశ్న వేసి, ఏలీయా మొరను రెండుసార్లు పూర్తిగా విన్నాడు. చివరన చేయడానికి పని ఇచ్చాడు, తోడుగా ఎలీషాను చూపించాడు, నీవు ఒక్కడివే కాదు, ఇంకా ఏడువేలమంది ఉన్నారని చెప్పాడు.

నిద్ర, రొట్టె, నీళ్ళు, వినే చెవి, మెల్లని మాట, పని, తోడు: వరుస ఇదీ. ఏమీ చదవని మా నాయినమ్మ ఆ వరుసనే నడిచింది. చదివిన నేను చివరిదాన్ని తెచ్చి మొదట పెట్టాను.

సామెతల గ్రంథం 25వ అధ్యాయంలో మరొక పోలిక ఉంది. దుఃఖంలో ఉన్నవాడికి పాటలు పాడడమంటే చలిలో పైబట్ట లాగేయడం, క్షారం మీద పులుపు పోయడం లాంటిదని దాని భావం. తెలుగు అనువాదంలో సురేకారం అని ఉంది. కాని మూలంలోని పదార్థం సోడియం కార్బొనేట్ జాతిది, చాకలివాళ్ళు వాడిన చౌడు వంటిది. దాని మీద పులిసిన ద్రాక్షారసం పోస్తే ఏమవుతుందో ప్రథమ సంవత్సరం ల్యాబులో అందరం చూశాము. బుసబుసమని పొంగి, క్షారమూ పోతుంది, పులుపూ పోతుంది. రెండూ మంచి వస్తువులే, కలిపిన తీరే తప్పు.

యోబును చూడడానికి వచ్చిన ముగ్గురు మిత్రులు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు నోరెత్తకుండా అతనితో నేల మీద కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచి, నీవేదో పాపం చేసి ఉంటావన్నప్పటి నుంచి చెడగొట్టారు. చివరకు దేవుడు కోపగించుకున్నది యోబు మీద కాదు, ఆ మిత్రుల మీద. కీర్తనల గ్రంథంలో 88వ కీర్తన చీకటిలో మొదలై చీకటిలోనే ముగుస్తుంది. సంతోషం లేని ప్రార్థన కూడా ప్రార్థనే కాకపోతే అది ఆ గ్రంథంలో ఎందుకుంటుంది? గెత్సేమనే తోటలో యేసు ప్రభువు ప్రాణం పోయేంత దుఃఖంలో ఉన్నప్పుడు శిష్యులను కోరింది ఉపదేశం కాదు, కాసేపు తనతో మేలుకొని ఉండమనే.

గంజి ముందు, బోధ తర్వాత

ఈ వరుస తెలుగు క్రైస్తవుల చరిత్రలో కూడా ఉంది. 1876-78 మధ్య మద్రాసు ప్రెసిడెన్సీని మహాక్షామం పీడించినప్పుడు, ఒంగోలులో ఉన్న బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని గుత్తకు తీసుకొని ఆకలిగొన్న వేలమందికి పని ఇచ్చాడు. బాప్తిస్మం ఇమ్మని ఎందరు అడిగినా, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని, సహాయం సాగినన్నాళ్ళు ఇవ్వలేదు. పని ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ మిషనే 1879లో మన హనుమకొండకు వచ్చింది. మతం సంగతి ఎవరి అభిప్రాయం వారిది. నేను చెప్పేది ఆ వరుస గురించే.

విశ్వాసం ఉంటే కుంగుబాటు రాదనేవారికి విలియం కూపర్ జీవితం జవాబు. ఆయన 18వ శతాబ్దపు ఆంగ్ల కవి. ఆయన రాసిన కీర్తనలను ప్రపంచమంతటా చర్చిలలో నేటికీ పాడుతున్నారు. అటువంటి మనిషి జీవితంలో పలుమార్లు తీవ్రమైన మనోవ్యాధితో బాధపడ్డాడు. 1773లో అది ముదిరినప్పుడు ఆయన మిత్రుడు, పాదిరి జాన్ న్యూటన్ తన ఇంట్లోనే ఏడాదికి పైగా ఉంచుకొని కనిపెట్టుకున్నాడు. కూపర్ పూర్తిగా కోలుకోలేదు. న్యూటన్ దానికి విసుక్కోలేదు. 1779లో ఇద్దరి కీర్తనలూ కలిసి ఒకే పుస్తకంగా వచ్చాయి.

మన రాయలసీమ ప్రజలకు బాగా తెలిసిన వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల మరో ఉదాహరణ. 1900లో ఐడా స్కడర్ వేసిన విత్తనం అది. 1957లో అక్కడ మానసిక వైద్య కేంద్రం ఆరంభించినప్పుడు, రోగిని ఒంటరిగా తాళం వెనుక పెట్టకుండా, ఇంటివాళ్ళు ఒకరు తోడుండే పద్ధతి పెట్టారు. మందూ, ప్రార్థనా, ఇంటి మనిషీ ఒకే కప్పు కింద చేరారు. వీటిలో ఒకటుంటే ఇంకొకటి అక్కరలేదని అక్కడ ఎవరూ అనుకోలేదు.

ఇది జబ్బే

మనసు బాగాలేని రోజు అందరికీ ఉంటుంది. పరీక్ష ముందు గుండె దడ, నిద్ర పట్టకపోవడం ఒత్తిడి. మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు అప్పుడు కార్టిసాల్ వంటి హార్మోన్లను వదులుతాయి. పరీక్ష అయిపోతే అవి తగ్గుతాయి. కుంగుబాటు వేరు. దిగులు గాని, దేని మీదా ఆసక్తి లేకపోవడం గాని, రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా పట్టుకొని, దానితోపాటు నిద్ర, ఆకలి, బలం, ఏకాగ్రత చెడి, నేను పనికిరానన్న భావమూ, చావు ఆలోచనలూ వస్తుంటే దాన్ని జబ్బుగా గుర్తించాలి. వంశపారంపర్యం, బాల్యపు దెబ్బలు, అప్పులు, ఒంటరితనం, శరీర రోగాలు అన్నీ ఇందులో పాలు పంచుకుంటాయి. థైరాయిడ్ లోపం వల్ల కూడా ఇలాంటి లక్షణాలే కనిపించవచ్చు. అందుకే డాక్టరు రక్తపరీక్ష రాయవచ్చు. 2015-16లో 12 రాష్ట్రాలలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం వయోజనులలో ప్రతి ఇరవైమందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుతో బాధపడ్డారు. మన తరగతిలో అరవైమందిమి. మీరే లెక్క వేసుకోండి.

మందుల గురించి హాస్టల్లో చాలా పుకార్లు విన్నాను. ఈ మందులు సారా లాగా అలవాటై మనిషిని పట్టుకునేవి కావు. అయితే గుణం కనిపించడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. తేలికైంది కదా అని సొంతంగా మానేయకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. మందుతోపాటు నిపుణులతో మాట్లాడే చికిత్స కూడా ఉంది. పౌలుతో కలిసి తిరిగిన లూకా వైద్యుడే. సువార్త రాసినంత మాత్రాన అతన్ని వైద్యుడు కాదని ఎవరూ అనలేదు. మందు మింగడం విశ్వాసం తగ్గడం కాదు.

మనం చేయగలిగినవి

ఒకటి, గమనించడం. క్లాసుకు రావడం మానినవాణ్ణి, అన్నం దగ్గర కనిపించనివాణ్ణి, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేవాణ్ణి ఊరికే వదలకూడదు.

రెండు, అడగడం. చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని నేను నాలుగు నెలలు భయపడ్డాను. అది నిజం కాదని వైద్యులు చెప్తున్నారు. సూటిగా, మెల్లగా అడిగితే మోస్తున్నవాడికి బరువు దించుకునే చోటు దొరుకుతుంది. ఔనంటే ఒంటరిగా వదలకూడదు. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు. నమ్మకమైన పెద్దలకు వెంటనే చెప్పాలి.

మూడు, మన రైతు ఇళ్ళకు ప్రత్యేకంగా చెప్పవలసింది ఒకటుంది. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతుల చావులు దేశమంతా విన్నది. పురుగుమందు ఇంట్లో చేతికందేలా ఉండకూడదు. తాళం వేసి, తాళంచెవి వేరేవాళ్ళ దగ్గర ఉంచాలి. శ్రీలంకలో అత్యంత విషపూరితమైన పురుగుమందులను 1995 నుంచి నిషేధిస్తూ వచ్చాక, పదేళ్ళలో ఆత్మహత్యల రేటు దాదాపు సగానికి తగ్గింది. చావు ఆలోచన చాలాసార్లు కొద్దిసేపు వచ్చిపోయే అల. ఆ కొద్దిసేపు విషం అందకపోతే మనిషి దక్కుతాడు.

నాలుగు, దారి చూపడం, తోడు పోవడం. వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరు మీద రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. పోలీసు కేసవుతుందేమోనన్న భయం కూడా వద్దు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రాణం తీసుకోబోయినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించి, శిక్షించకుండా, వైద్యం అందించాలని చెప్తుంది.

ఐదు, ప్రార్థన. ఇది చివరిదని చిన్నది కాదు. ఇప్పుడు నేను మిత్రునికి ప్రార్థన వినిపించే ముందు "చెయ్యాల్నా?" అని అడుగుతున్నాను. వద్దంటే ఊరుకుంటాను. అతను ప్రార్థించలేని రోజు అతని వంతు కూడా నేనే చేస్తాను, నా మంచం మీద, నిశ్శబ్దంగా. క్రైస్తవులు కాని మిత్రులు దీనిని తమ పద్ధతిలో చేసుకోవచ్చు. రొట్టెకు మతం లేదు.

అతను ఇప్పుడు ఎలా ఉన్నాడని అడుగుతారు. మందులు వాడుతున్నాడు. నెలకొకసారి ఆసుపత్రికి ఇద్దరం కలిసి పోయి వస్తాము. మిగిలిన రెండు పేపర్లలో ఒకటి పాసయ్యాడు, ఇంకోటి ఉంది. కొన్ని రోజులు బాగుంటాడు, కొన్ని రోజులు బాగుండడు. డోలక్ ఇంకా నా మంచం కిందనే ఉంది. మొన్న నేను బట్టలు సర్దుతుంటే దాన్ని బయటికి తీసి, తాళ్ళు వదులయ్యాయని బిగించి, మళ్ళీ అక్కడే పెట్టాడు. వాయించమని నేను అడగలేదు.

మిత్రులారా! మీ వరుసలో రోజూ ఖాళీగా కనిపించే బెంచీ ఉంటే, ఇవాళ సాయంత్రం ఆ మిత్రుని గది తలుపు తట్టండి. గొప్ప మాటలేవీ అక్కరలేదు. "తిన్నవారా?" అని అడిగితే చాలు. తినలేదంటే కలిసి తినండి. మిగతా మాటలకు సమయం అదే వస్తుంది.